హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోట: చరిత్ర, లోపలి గదులు, సందర్శన – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కోట గోడ మీద నిలబడి ఊరి ఫోటోలు తీసుకుని దిగిపోతారు. అసలు విశేషం పై అంతస్తులోని మూడు నాలుగు గదుల్లో (బంగారు హాలు, బంగారు గది, పడకగది) ఉంది. అందుకే ఇక్కడ ఆ గదుల గురించే ఎక్కువ చెప్పాం. తేదీలు, దారులు, టికెట్ల సంగతి అవసరమైనంత మేరకు ఉంది.

ఈ కోట ఎక్కడుంది? ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారు?

ఆల్ప్స్ పర్వతాలు ఉత్తరాన మైదానంలోకి దిగే అంచున, జాల్జాఖ్ నది ఒడ్డున సాల్జ్‌బర్గ్ ఉంది. పాత ఊరి వెనకే నిటారుగా లేచిన రాతిగుట్ట మీద కోట. నది లోయ వెంట దక్షిణానికి పోతే పర్వతాల గుండా ఇటలీ వైపు దారులు తెరుచుకుంటాయి. ఆ దారిలో వచ్చే సరుకు, నది మీద దిగే ఉప్పు పడవలు, ఊరు, అన్నీ ఈ గుట్ట మీద నుంచి కనిపిస్తాయి. మూడు వైపులా కొండ కోసినట్టు ఉంటుంది కాబట్టి శత్రువు వచ్చే దారులు కొన్నే. వాటిని కాపాడుకుంటే చాలు.

కోట పొడవు 250 మీటర్లు, వెడల్పు 150 మీటర్ల దాకా ఉంటుంది. యూరప్‌లో మధ్యయుగం నుంచి మిగిలిన పెద్ద కోటల్లో ఇదొకటి.

ఎవరు కట్టారు? ఎప్పుడు?

1077లో ఆర్చ్‌బిషప్ గెబ్‌హార్డ్ మొదలుపెట్టాడు. అప్పట్లో బిషప్పులను నియమించే హక్కు పోపుదా, చక్రవర్తిదా అని పెద్ద గొడవ నడుస్తోంది. గెబ్‌హార్డ్ పోపు పక్షం. చక్రవర్తి నాలుగో హెన్రీ సైన్యం ఎప్పుడైనా మీద పడొచ్చన్న భయంతో ఇక్కడ, దక్షిణాన వెర్ఫెన్‌లో, కారింథియాలోని ఫ్రీజాఖ్‌లో దాదాపు ఒకే సమయంలో కోటలు మొదలుపెట్టాడు. తర్వాత 12వ శతాబ్దంలో ఒకటో కోన్రాడ్ కోటను పెంచాడు. 1460లలో బుర్క్‌హార్డ్ ఫోన్ వైస్‌ప్రియాఖ్ చుట్టూ బురుజులున్న ప్రాకారం కట్టించాడు.

ఈ రోజు మనం చూసే రూపానికి ముఖ్య కారకుడు మాత్రం లియోన్‌హార్డ్ ఫోన్ కోయ్‌చాఖ్. 1495 నుంచి 1519 వరకు ఆర్చ్‌బిషప్. లోపలి గదుల నగిషీ, జార్జ్ పుణ్యపురుషుడి చర్చి, సామాన్ల తాడుబండి, పెద్ద ఆర్గన్ (గాలితో మోగే గొట్టాల వాయిద్యం) అన్నీ ఇతని కాలానివే. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ప్రధానంగా బయటి గోడలనే బలపరిచారు. ముప్పై ఏళ్ల యుద్ధ కాలంలో పారిస్ లోడ్రోన్, ఇటలీ నుంచి వచ్చిన శాంటినో సోలారి చేత ఊరి చుట్టూ కోటగోడల్ని పటిష్టం చేయించాడు.

ఆర్చ్‌బిషప్ అంటే మతగురువు కదా, ఆయనకు ఫిరంగులున్న కోట ఎందుకు?

సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ మతగురువే కాదు, ఆ ప్రాంతానికి పాలకుడు కూడా. పన్నులు, న్యాయం, సైన్యం, గనులు ఆయన చేతిలోనే. హల్లైన్ దగ్గర డ్యుర్న్‌బర్గ్ గనుల ఉప్పు, గాస్టైన్, రౌరిస్ లోయల బంగారం ఖజానా నింపేవి. ఈ పాలన 1803లో ముగిసింది.

ఊరి జనంతో సంబంధం ఎప్పుడూ సాఫీగా లేదు. 1481లో చక్రవర్తి మూడో ఫ్రెడ్రిక్ ఊరివాళ్లకు తమ మేయర్నీ, మండలినీ తామే ఎన్నుకునే హక్కు రాసిచ్చాడు. కోయ్‌చాఖ్‌కి అది గిట్టలేదు. 1511లో మేయర్‌నీ, మండలి సభ్యులనీ విందుకు పిలిచి బంధించాడు. ఆ హక్కును వదులుకునేదాకా వాళ్లను విడిచిపెట్టలేదు. 1498లో యూదులను ఊరి నుంచి వెళ్లగొట్టింది కూడా ఆయనే. కోట మీద నుంచి ఫిరంగులు ఊరి వైపు కూడా చూస్తాయని గమనించండి. అది అనుకోకుండా జరిగింది కాదు.

శత్రువులు ఎప్పుడైనా దీన్ని పట్టుకున్నారా?

యుద్ధం చేసి ఎవరూ పట్టుకోలేదు. గట్టి ముట్టడి ఒక్కసారే, 1525లో జర్మన్ రైతుల తిరుగుబాటు సమయంలో జరిగింది. రైతులు, గని కార్మికులు, ఊరివాళ్లు కలిసి ఆర్చ్‌బిషప్ మథేయస్ లాంగ్ మీద తిరగబడ్డారు. ఆయన కోటలోకి చేరి తలుపులు మూసుకున్నాడు. వేసవంతా ముట్టడి సాగింది, కోట లొంగలేదు. బయటి నుంచి సైన్యం రావడంతో రాజీ కుదిరింది.

1800లో నెపోలియన్ యుద్ధాలప్పుడు మాత్రం ఫ్రెంచి సైన్యానికి పోరాటం లేకుండానే కోటను అప్పగించారు. పాలకుడైన ఆర్చ్‌బిషప్ కొలొరెడో అప్పటికే ఊరొదిలి వెళ్లాడు.

లోపలి గదులు నిజంగా 500 ఏళ్ల నాటివేనా, తర్వాత అలంకరించినవా?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. జవాబుకి ఒక సులువైన గుర్తు ఉంది: గోడకీ, కప్పుకీ, నేలకీ అతుక్కుని ఉన్నది చాలావరకు 1500 ప్రాంతానిది. కదిలించడానికి వీలైనది దాదాపు ఏదీ ఆనాటిది కాదు.

చెక్క పైకప్పు, చలువరాతి స్తంభాలు, గోడల నగిషీ పలకలు, గోడవారి బల్లలు, టైల్స్ పొయ్యి మిగిలాయి. గోడలకు తగిలించిన బంగారు అచ్చుల తోలు, బల్లల మీది గుడ్డ లేదా తోలు మెత్తలు, తెరలు, మంచాలు, పెట్టెలు పోయాయి. కొన్ని అరిగిపోయాయి, కొన్నిటి స్థానంలో తర్వాతి తరాలు తమకు నచ్చినవి పెట్టుకున్నాయి. కాబట్టి ఈ గదులు మనకు కనిపిస్తున్నంత ఖాళీగా, చెక్కమయంగా అప్పుడు ఉండేవి కావు. చెక్క మీద గుడ్డ, తోలు, రంగు, దాని మీద కొవ్వొత్తి వెలుగు ఉన్నట్టు ఊహించుకుంటేనే సరైన బొమ్మ వస్తుంది.

ఇక ఇవి ఎలా మిగిలాయన్నది. వాడకం తగ్గడమే వీటిని కాపాడిందని మా అభిప్రాయం. తర్వాతి ఆర్చ్‌బిషప్పులకు కొండ మీద చలిలో ఉండటం కన్నా కింద ఊళ్లోని రెసిడెన్స్ భవనం నచ్చింది. డబ్బంతా అక్కడ ఖర్చుపెట్టారు. బరోక్ అనే ఆడంబరమైన అలంకరణ శైలి వచ్చి ఊళ్లోని పాత చర్చిలనూ భవనాలనూ మార్చేసినప్పుడు, కోట పై అంతస్తును అదే తీరులో కొత్తగా చేయించాలని ఎవరికీ తోచలేదు. తర్వాత సైనిక బారకాసులు, సామాన్ల గిడ్డంగి, జైలు అయ్యింది. 1861లో సైనిక స్థావరంగా వాడకం ఆగింది. పాలకులు ఇక్కడే కాపురం ఉండి ఉంటే బంగారు గదిలో ఈపాటికి తెల్లటి సున్నపు దేవదూతలు ఎగురుతూ ఉండేవారు.

బంగారు హాలులో ఏం చూడాలి?

ముందు తల పైకెత్తండి. పైకప్పును చతురస్రాల గళ్లుగా విడగొట్టి, నీలి నేపథ్యం మీద గుండ్రటి బంగారు గుబ్బలు అమర్చారు. రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్న మాట. దీన్ని మోసేది 17 మీటర్ల పొడవున్న దూలం. దాని మీద వరసగా వంశచిహ్నాలు: కోయ్‌చాఖ్‌ది, పవిత్ర రోమన్ సామ్రాజ్యానిది, పెద్ద జర్మన్ నగరాలవి, సాల్జ్‌బర్గ్‌తో సంబంధమున్న బిషప్ పీఠాలవి. వచ్చిన అతిథి ఒక్క చూపులో ‘ఇతని వెనక ఎవరెవరున్నారు’ అని చదువుకోవాలని దాని ఉద్దేశం.

తర్వాత ఒక పక్కన ఉన్న నాలుగు మెలి తిరిగిన ఎర్ర స్తంభాలు. ఇది ఆడ్నెట్ రాయి. హల్లైన్ దగ్గరి ఆడ్నెట్ గనుల నుంచి వచ్చింది. పేరుకి చలువరాయి అంటారు గానీ నిజానికి గట్టి సున్నపురాయి. మెరుగు పెడితే పాలరాయిలా మెరుస్తుంది. దగ్గరగా చూస్తే ఎరుపులో తెల్లటి పాయలు కనిపిస్తాయి. స్తంభాల్లో ఒకదానికి ఉన్న దెబ్బ 1525 ముట్టడిలో కింది నుంచి పేల్చిన ఫిరంగి గుండుది అని చూపిస్తారు. గైడు చెప్పకపోతే చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు.

ఇప్పుడు ఈ గదుల్లో సంగీత కచేరీలు జరుగుతాయి. కచేరీకి కుర్చీలు వేసిన రోజు మధ్యాహ్నం తర్వాత వెళ్తే నేల, కింది పలకలు సరిగా కనపడవు. ఉదయమే మేలు.

బంగారు గదిలోని పొయ్యి గురించి అంత గొప్పగా చెప్తారు. అది ఎలా పని చేస్తుంది?

1501 నాటి ఆ రంగు రంగుల టైల్స్ పొయ్యి, ఆ తరహా పనుల్లో యూరప్‌లోనే పేరున్నది. బైబిలు ఘట్టాలు, పాలకుల బొమ్మలు, పువ్వులు, మొక్కలు టైల్స్ మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. మెత్తటి మట్టిని చెక్కిన అచ్చులోకి ఒత్తి, ఆరబెట్టి, ఒకసారి కాల్చి, ఆ పైన రంగు గ్లేజు పూసి మళ్లీ కాలుస్తారు. ఒక్కో రంగు గ్లేజు ఒక్కో వేడికి కరుగుతుంది. ఒకే టైలులో నాలుగైదు రంగులు ఒకదానిలోకి ఒకటి కారకుండా నిలబెట్టడమే కుమ్మరి పనితనం.

ఇలాంటి పొయ్యిల్లో మంట గదిలో ఉండదు. గోడకి అవతల నడవలోనో, పక్క గదిలోనో పొయ్యి నోరు ఉంటుంది. నౌకరు అక్కడి నుంచే కట్టెలు వేస్తాడు, బూడిద తీస్తాడు, పొగ కూడా అటే పోతుంది. గదిలో కూర్చున్నవాళ్లకు వేడి తప్ప మసి, పొగ, నౌకరు ఏదీ కనపడవు. టైలు వెనక భాగం గిన్నెలా గుల్లగా ఉంటుంది. అందులో మెత్తిన మట్టి వేడిని పట్టి ఉంచుతుంది. ఒక్క దఫా గట్టిగా మంట పెడితే ఆరిన తర్వాత కూడా గంటల తరబడి గది వెచ్చగా ఉంటుంది. మంట ఎగసి పడే గూడు పొయ్యిలో అయితే వేడిలో పెద్ద భాగం పొగగొట్టం లోంచి పైకి పోతుంది. ఎదురుగా కూర్చుంటే ముఖం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది.

తొందరగా పాడయ్యేది టైళ్ల మధ్య అతుకులు. వేడికి మట్టి, ఇటుక, ఇనుప కట్టు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. అతుకు విచ్చుకుంటే పొగ గదిలోకి వస్తుంది. అందుకే వాడకంలో ఉన్న పొయ్యిని అప్పుడప్పుడు విప్పి మళ్లీ కట్టేవారు. అలా విప్పినప్పుడల్లా కొన్ని టైల్స్ పగిలి, కొత్తవి వచ్చి చేరేవి. ఇన్ని టైల్స్ ఒకే చేతి పనిగా మిగలడం అందుకే అరుదు.

ఈ గదిలో పొడుగు గోడల వెంట ఉన్న బల్లల్ని కూడా వదిలేయకండి. ద్రాక్ష తీగలు, గుత్తులు, ఆకులు, మధ్యలో జంతువులు చెక్కారు. పిల్లలతో వెళ్తే ఎన్ని జంతువులు దొరుకుతాయో లెక్కపెట్టమనండి, మీకు పది నిమిషాలు తీరిక దొరుకుతుంది.

రాతి కోటలో చెక్క గదులు ఎందుకు కట్టుకున్నారు?

చలి, తడి. మందపాటి రాతిగోడ చలికాలమంతా చల్లగానే ఉంటుంది. గదిని వేడి చేస్తే లోపలి గాలిలోని ఆవిరి ఆ గోడకి తగిలి నీళ్లై కారుతుంది, బూజు పడుతుంది. గోడకి కొంచెం ఎడంగా చెక్క పలకలు బిగిస్తే మధ్యలో గాలి పొర ఏర్పడుతుంది. చెక్క చేతికి చల్లగా తగలదు, తొందరగా వేడెక్కుతుంది. ఆల్ప్స్ రైతు ఇళ్లలో కూడా పొయ్యి ఉన్న ఒక్క గదికి ఇలాగే చెక్క తొడుగు వేస్తారు, చలికాలం ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే. ఆర్చ్‌బిషప్ చేసింది అదే పని, కాకపోతే బంగారం పూసి.

పడకగదిలో ఇది బాగా తెలుస్తుంది. పలకల పై భాగంలో బంగారు గుబ్బలు, గులాబీ ఆకారాలు ఉంటాయి. కింది భాగం బోసిగా ఉంటుంది. అక్కడ తోలో, మఖ్మలో ఉండేదని అనుకుంటున్నారు. అందుకే అక్కడ నగిషీ చెయ్యలేదు.

పడకగదిలో తలుపు వెనక ఉన్నది నిజంగా మరుగుదొడ్డేనా?

అవును. నేలలో కంత, దాని చుట్టూ చెక్క చట్రం, అంతే. ప్రతి అంతస్తు నుంచీ చేరుకునేలా కట్టారు. ఆ రోజుల లెక్కన ఇది చాలా ఆధునికమైన ఏర్పాటు. గాలి వీచినప్పుడు కంతలోంచి చలి, వాసన పైకి ఎగతన్నుతాయి కదా, తలుపు అందుకే.

ఎక్కడ చూసినా దుంప బొమ్మ ఎందుకు?

అది టర్నిప్ దుంప, కోయ్‌చాఖ్ వంశచిహ్నం. తను కట్టించిన, మరమ్మతు చేయించిన ప్రతిచోటా ముద్ర వేయించాడు. కోటలో 50కి పైగా ఉన్నాయి. కోట మీది సింహం కూడా పంజాలో టర్నిప్ పట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడు అల్లరిగా తిరిగే లియోన్‌హార్డ్ మీద పెదనాన్నో, మేనమామో విసుగెత్తి టర్నిప్ విసిరాడని, దాంతో బుద్ధి వచ్చిందని ఒక కథ చెప్తారు. కథ సరదాగా ఉంది గానీ ఆ చిహ్నం ఆయన కుటుంబానిదే.

చూసేవాడికి దీనివల్ల ఒక ఉపయోగం ఉంది: గోడ మీద టర్నిప్ కనిపిస్తే ఆ భాగం 1495–1519 మధ్య పని అని చప్పున గుర్తుపట్టొచ్చు. జార్జ్ చర్చి బయటి గోడ మీద 1515 నాటి ఎర్ర రాతి ఫలకంలో ఆయన రూపం కూడా ఉంది.

నీళ్లు, తిండి, కట్టెలు అంత ఎత్తుకి ఎలా చేర్చేవారు?

నీళ్లకు వాన మీదే ఆధారం. కప్పుల మీది నీటిని ఇసుక, గులకరాళ్ల గుండా వడకట్టి నేల కింది తొట్టిలో నిలవ చేసేవారు. ముట్టడి వస్తే ఆ తొట్టి ఎంత నిండి ఉందన్నదే ప్రాణం.

బరువులకు తాడుబండి. దీన్ని ‘రైస్‌త్సుగ్’ అంటారు. 1515లో దీని గురించి రాతపూర్వకంగా ఉంది. కట్టింది అంతకు ముందే, బహుశా 1495–1504 ప్రాంతంలో. నోన్‌బర్గ్ సన్యాసినుల మఠం వైపు నుంచి కోట లోపలికి, అయిదు ప్రాకారాల ద్వారాల గుండా నిటారుగా ఎక్కుతుంది. ప్రతి ద్వారానికీ గట్టి తలుపు ఉంది. లేకపోతే సరుకు వచ్చే దారినే శత్రువూ వచ్చేవాడు. మొదట్లో చెక్క పట్టాలు, జనపనార తాడు, లాగడానికి మనుషులో పశువులో. ఇప్పుడు ఉక్కు పట్టాలు, ఉక్కు తాడు, కరెంటు మోటారు, కానీ దారి అదే. ఇప్పటికీ నడుస్తున్న తాడుబండ్లలో ప్రపంచంలోనే పాతది ఇదే కావచ్చంటారు. సందర్శకులను ఎక్కించుకోరు. మనం ఎక్కేది 1892లో మొదలైన వేరే రైలు.

‘సాల్జ్‌బర్గ్ ఎద్దు’ అంటే ఏమిటి?

1502లో కోటలో పెట్టించిన ఆర్గన్. 200కు పైగా గొట్టాలున్నాయి. దీని ప్రత్యేకత, పెద్ద గొట్టాలన్నీ కలిసి ఒకేసారి మూడు స్వరాల గర్జన చెయ్యడం. ఆ రంకెవల్లే ఎద్దు అన్నారు. పాటలు వాయించడానికి మేకులు కొట్టిన దుంగ తిరుగుతుంది. మేకు తగిలిన చోట గొట్టం తెరుచుకుంటుంది. మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ దీనికోసం కొన్ని చిన్న పాటలు రాశాడు. మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నుంచి అక్టోబరు 31 వరకు ఉదయం 7, 11, సాయంత్రం 6 గంటలకు, కింద ఊళ్లో గంటల వాయిద్యం మోగాక దీన్ని వాయిస్తారు. కోటలో కన్నా ఊళ్లో నిలబడి వింటేనే బాగుంటుంది, అది ఊరికోసం పెట్టింది కదా.

దీన్ని ఇంకో ఎద్దుతో కలిపి గందరగోళపడొద్దు. ముట్టడిలో కోట లోపల తిండి అయిపోయి ఒక్క ఎద్దు మిగిలితే, దానికి రోజుకో రంగు పూసి గోడ మీద తిప్పి, ‘లోపల ఇంకా చాలా పశువులున్నాయి’ అని శత్రువుని నమ్మించారని, తర్వాత ఆ ఎద్దుని నదిలో కడిగారని కథ. సాల్జ్‌బర్గ్‌వాళ్లను ‘ఎద్దును కడిగేవాళ్లు’ అని ఆటపట్టించడం దీన్నుంచే వచ్చింది. ఇది జనం చెప్పుకునే కథ, చరిత్ర కాదు.

కోటలో ఖైదీలు కూడా ఉండేవారా?

ఉండేవారు. వాళ్లలో పేరున్నవాడు ఒక ఆర్చ్‌బిషపే. వుల్ఫ్ డీట్రిష్ ఫోన్ రైటెనౌ ఊళ్లో సగం తిరిగి కట్టించినవాడు. ఉప్పు వ్యాపారం విషయంలో బవేరియాతో గొడవ పెట్టుకుని 1611లో ఓడిపోయాడు. 1612లో పదవి పోయింది. తర్వాత ఆ పీఠమెక్కిన బంధువు మార్కుస్ సిటికుస్ ఆయన్ని చచ్చేదాకా ఈ కోటలోనే బంధించాడు. 1617 జనవరిలో ఇక్కడే చనిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ యుద్ధఖైదీలను, 1930లలో ఆస్ట్రియా నాజీ కార్యకర్తలను కూడా ఇక్కడ ఉంచారు.

పాత చెక్క, బంగారం ఎలా పాడవుతాయి? ‘ముట్టుకోవద్దు’ అని అంత పట్టుదల ఎందుకు?

ఆ కాలపు బంగారు పూత ఒకే పొర కాదు. చెక్క మీద జిగురు, దాని మీద సుద్ద, జిగురు కలిపిన తెల్లటి పూత పలు పొరలుగా, దాని మీద ఎర్రమట్టి పూత, ఆపైన ఊదితే ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు, చివర నున్నటి రాయితో మెరుగు. ఇందులో బంగారం పాడవదు, పాడయ్యేది కింది సుద్ద పొర. గాలిలో తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. సుద్ద పొర దానితో పాటు సాగలేదు, కాబట్టి బీటలు వారి పొలుసులుగా లేస్తుంది. బంగారం ఆ పొలుసుతో పాటు రాలిపోతుంది.

వానలో తడిసిన కోట్లతో ఓ గుంపు చిన్న గదిలోకి వస్తే తేమ అమాంతం పెరుగుతుంది. చలికాలం గది వేడి చేస్తే గాలి పొడిబారుతుంది. రెండూ ఇబ్బందే. అందుకే ఒకేసారి గదుల్లోకి వదిలే మనుషుల సంఖ్య మీద అదుపు ఉంటే విసుక్కోకండి. వేలితో తాకితే చెమట, నూనె అంటుకుని దుమ్ము పడుతుంది. మెరుగు పెట్టిన బంగారాన్ని తడిగుడ్డతో తుడవడం కుదరదు, జిగురు నీటికి కరిగి రేకే లేచిపోతుంది.

ఏ టికెట్ తీసుకోవాలి?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. తక్కువ ధర టికెట్‌తో కోట ఆవరణ, గోడలు, కొన్ని ప్రదర్శనశాలలు చూడొచ్చు గానీ పై అంతస్తులోని పాలకుల గదులు అందులో ఉండవు. బంగారు హాలు, బంగారు గది, పడకగది చూడాలంటే అన్నీ కలిసిన టికెట్ కావాలి. కొనేటప్పుడు ‘ప్రిన్సెస్ ఛాంబర్స్ (Prince's Chambers, అంటే ఆ పాలకుల గదులు) ఉన్నాయా’ అని ఒక్క మాట అడగండి. పైకి వెళ్లాక తెలిస్తే చిరాకు. ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు కోట అధికారిక వెబ్‌సైటు చూసుకోవడమే పద్ధతి. సాల్జ్‌బర్గ్ కార్డు ఉంటే కోట ప్రవేశం, కొండరైలు అందులోనే వస్తాయి. ఒక రోజులో మూడు నాలుగు చోట్లు చూసేవాళ్లకు అది లాభం, కోట ఒక్కటే చూస్తే కాదు.

మ్యూనిక్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

తేలిగ్గా. రైల్లో రెండు గంటల లోపే. మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లలు ఎక్కువగా బయ్యర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో ఒక రోజు తిరగడానికి పనికొచ్చే రైలు టికెట్) వాడతారు. అది సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషను వరకు చెల్లుతుంది, కానీ ప్రాంతీయ రైళ్లలోనే, వేగపు రైళ్లలో కాదు. పనిదినాల్లో ఉదయం 9 గంటల తర్వాతే మొదలవుతుంది. 8:50కి ఎక్కి ‘పది నిమిషాలే కదా’ అనుకుంటే జరిమానా పడొచ్చు.

పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ ఒంటి మీద ఉండాలి. తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర రైల్లో పోలీసులు తనిఖీ చేస్తుంటారు, ఫోన్లో ఫోటో చూపిస్తే సరిపోదు. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు షెంగెన్ వీసా ఉంటే ఆస్ట్రియాకి వేరే వీసా అక్కర్లేదు.

స్టేషను నుంచి పాత ఊరికి బస్సుంది, నడిస్తే అరగంట లోపు. పెద్ద చర్చి వెనక కాపిటెల్‌ప్లాట్జ్ అనే మైదానంలో పెద్ద బంగారు గోళం కనిపిస్తుంది. దాన్ని దాటితే కొండరైలు స్టేషను.

కొండరైలా, నడకా?

రైలు ఒకటి రెండు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. 1892లో మొదలైనప్పుడు దీన్ని నీటి బరువుతో నడిపేవారు: పై పెట్టెలో నీళ్లు నింపితే అది కిందికి దిగుతూ రెండోదాన్ని పైకి లాగేది, కింద నీళ్లు వదిలేసేవారు. ఇప్పుడు కరెంటు. నడిస్తే 20 నిమిషాలు, బాగా ఏటవాలు. చలికాలం మంచు గడ్డకట్టిన రోజు సాధారణ బూట్లతో నడవొద్దు. మా సలహా, ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కాలినడక. అప్పుడే ఒకదాని వెనక ఒకటి ఉన్న ద్వారాలు, శత్రువు ఏ మలుపులో ఇరుక్కునేవాడో అర్థమవుతాయి.

ఎంతసేపు పడుతుంది? ఏ వరసలో చూడాలి?

రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోండి. తలుపులు తెరవగానే వెళ్తే నేరుగా పై అంతస్తు గదులకు. టూరు బృందాలు 11 నుంచి 3 దాకా ముంచెత్తుతాయి. గదులయ్యాక ఆవరణ, చర్చి గోడ మీది ఫలకం, చివర గోడల మీది నుంచి దృశ్యం. మధ్యలో రైనర్ పదాతిదళం మ్యూజియం, తోలుబొమ్మలు కావు గానీ తీగలతో ఆడించే బొమ్మల మ్యూజియం ఉన్నాయి, ఆసక్తిని బట్టి.

పెద్దవాళ్లు, చక్రాల కుర్చీ, పిల్లల బండి?

ఆవరణ వరకు కొండరైలు వల్ల పర్వాలేదు. ఆ పైన గులకరాళ్ల నేల, ఏటవాలు, ఇరుకు మెట్లు. పిల్లల బండి కింద వదిలి చంటిబిడ్డను ఎత్తుకోవడమే నయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గదులు చూపించాలంటే మిగతావన్నీ వదిలి ఆ ఒక్క మెట్ల వరసకే వాళ్ల ఓపికను దాచండి.

గదుల్లో ఫోటోలు బాగా రావడం లేదు, ఎందుకు?

గది చీకటి, కిటికీ వెలుగు, బంగారం మెరుపు, మూడూ ఒకే ఫ్రేములో పడితే ఫోను తికమకపడుతుంది. కిటికీని ఫ్రేములోంచి తప్పించండి. బంగారం మీద వేలు నొక్కి వెలుగు కాస్త తగ్గించండి. ఫ్లాష్ వేస్తే మెరుపు తెల్లటి మచ్చ అయి నగిషీ చదునుగా కనిపిస్తుంది, పైగా పాత రంగులున్న చోట దాన్ని ఆపేయడమే మర్యాద.

నోయ్‌ష్వాన్‌స్టైన్ చూశాం. ఇది కూడా అలాంటిదేనా?

కాదు. బవేరియాలోని నోయ్‌ష్వాన్‌స్టైన్ పనులు మొదలైంది 1869లో. మధ్యయుగం మీద మోజున్న ఒక రాజు కల అది. లోపల చూసేది 19వ శతాబ్దం వాళ్ల ఊహ. హోహెన్‌సాల్జ్‌బర్గ్‌లో చూసేది మధ్యయుగం చివర్లో నిజంగా మనుషులు కాపురమున్న గది. అందంలో పోటీ పెడితే మొదటిదే గెలవొచ్చు.

సాల్జ్‌బర్గ్ అయ్యాక ఇంకో కోట చూడాలంటే?

గెబ్‌హార్డ్ అదే 1077లో మొదలుపెట్టిన హోహెన్‌వెర్ఫెన్, దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో. సాల్జ్‌బర్గ్ నుంచి రైల్లో వెర్ఫెన్ స్టేషనుకు వెళ్లి, అక్కడి నుంచి కొండెక్కాలి. లోపల బంగారు గదులు ఉండవు, కానీ చుట్టూ పర్వతాలు గోడల్లా నిలబడి ఉంటాయి, డేగలను ఎగరేసే ప్రదర్శన జరుగుతుంది. చలికాలం మూసి ఉంచే నెలలుంటాయి కాబట్టి తేదీలు చూసుకుని బయల్దేరండి.